అద్దె కారూ, ఒక రైటూ

భూమండలాన్ని రెండుగా చీల్చినవి సముద్రాలని భూగోళ పండితులు, భాషలని వ్యాకరణ పండితులు, పన్నులని పాలకులు చెబుతూ వచ్చారు. ముగ్గురూ పొరబడ్డారు. ఆ ఘనకార్యం చేసినది స్టీరింగు పక్కన జానెడు కూడా ఉండని ఇండికేటరు పుల్ల. సగం ప్రపంచానికి అది కుడిచేతి దగ్గర ఉంటుంది, మిగిలిన సగానికి ఎడమచేతి దగ్గర. ఒక సగంలో పుట్టి పెరిగి రెండో సగంలో అద్దె కారెక్కిన ప్రతి మానవుడూ, మలుపు రాగానే ఇండికేటరనుకుని వైపర్లు వేస్తాడు. కనుక పరాయి దేశంలో, మబ్బుతునకైనా లేని మిట్టమధ్యాహ్నం, పొడి అద్దాన్ని కిర్రుకిర్రున తుడుచుకుంటూ మలుపు తిరిగే కారు కనబడితే, లోపల ఉన్నది మనవాళ్లేనని నిశ్చింతగా చెయ్యి ఊపవచ్చు.

అటువంటి కారులో జరిగిన ప్రణయగాథ ఇది. అయితే ఇది కారులో మొదలు కాలేదు. కారు ఇవ్వబోమన్న చోట మొదలైంది.

ఆ చోటు ఒక విమానాశ్రయపు నేలమాళిగ. అద్దాల బల్ల, దాని మీద పిప్పరమెంట్ల గిన్నె, ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసుతో కట్టిన పెన్ను, ఆ పెన్నుకంటే గట్టిగా నిబంధనలకు కట్టుబడిన గుమాస్తా. బయట వాన. సెలవుల రోజులు కావడం వల్ల గుమాస్తా వెనక మేకుల పలక మీద ఒకే ఒక్క తాళంచెవి వేలాడుతున్నది. దాన్ని కోరి ఇద్దరు వచ్చారు. ఇద్దరూ బుక్ చేసుకున్నవారే.

ఒకరు బీమా కంపెనీ ఉద్యోగి. పాలసీ కాగితాల అడుగున చీమలబారులా పాకే చిన్న అక్షరాలను ఎవరో ఒకరు రాయాలి కదా, రాసేది ఇతనే. ‘షరతులు వర్తిస్తాయి’ అన్న మహావాక్యాన్ని ఏళ్ల తరబడి ఉపాసించిన ఫలితంగా అది మామూలు మాటల్లో కూడా అతన్ని వదలకుండా ఉండేది. టీ తాగుతారా అని అడిగితే, వేడిగా ఉండి, చక్కెర తక్కువై, ఇతరులకు కొరత రాని పక్షంలో తాగుతాననేవాడు. కార్యాలయంలో అతన్ని షరతుబాబు అని పిలిచేవారు. అంతకంటే తగిన పేరు మనకూ దొరకదు.

రెండోవారు పళ్ల డాక్టరు. రోగి చేత నోరు తెరిపించి, అతను ఇక పలకలేని స్థితికి వచ్చాక కుశలప్రశ్నలు వేసే వృత్తి ఆమెది. అందువల్ల అడిగినదానికి ఎదుటి మనిషి జవాబు చెబితే ఆమెకు కొంచెం వింతగా ఉండేది.

ఆమె వెనక సూట్‌కేసు మీద ఆసీనులై ఉన్న పెద్దాయన ఆమె తండ్రి. జీవితమంతా బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైనవారు. అసలు కారు కావలసివచ్చింది ఈయన వల్లనే. ఆ దేశంలో బస్సులు కండక్టరు లేకుండా నడుస్తాయని తెలియగానే, అటువంటి దిక్కులేని వాహనంలో కాలు పెట్టేది లేదని ఆయన ఇంటి దగ్గరే ప్రకటించారు.

“మీకంటే ముందు వరుసలో నేనున్నానండీ” అన్నది డాక్టరమ్మ.

“వరుసకు విలువ లేదండీ. ఒప్పందం పదకొండో నిబంధన ప్రకారం బుకింగు సమయమే లెక్క.”

“ఒప్పందం చదివారా?”

“ఆసాంతం.”

“కావాలనే?”

“ఎవరూ బలవంతం చేయలేదు.”

ఆమె అతన్ని మొదటిసారి పరీక్షగా చూసింది. పుచ్చిందో పుచ్చలేదో పైకి తేలని పన్నును చూసే చూపు అది.

గుమాస్తా ఇద్దరి కాగితాలూ తిరగేసి ఇద్దరినీ సమానంగా తిరస్కరించాడు. షరతుబాబు తన అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్‌కు ముందుచూపుతో బోలెడు జిరాక్సులు తీసి సంచికో కట్ట చొప్పున సర్దుకున్నాడు. అసలు పర్మిట్ మాత్రం జిరాక్సు మెషీను మూత కిందే ఉండిపోయింది. డాక్టరమ్మకు పర్మిట్ ఉన్నది, క్రెడిట్ కార్డు లేదు. సరిపడా చిల్లర తెచ్చుకునేవారే సజ్జనులన్న సిద్ధాంతం మీద పెరిగిన పిల్ల. అరువు కార్డుకు ఆ ఇంట ప్రవేశం లేదు.

కార్డున్నవారికి పర్మిట్ లేదు, పర్మిట్ ఉన్నవారికి కార్డు లేదు. చట్టం దృష్టిలో వారు చెరో అరమనిషి. గుమాస్తా నిబంధనల్లో ఒకే ఒక్క సందు ఉన్నది: భార్య నడిపే కారుకు భర్త కార్డు చెల్లుతుంది.

ఆ క్షణాన హాలంతా రణగొణధ్వని. ఎవరో పెద్దమనిషి సూట్‌కేసుల కొండను బండి మీద తోసుకుంటూ వరుసలను చీల్చుకుని పోతున్నాడు. గుమాస్తా పెన్ను గొలుసు సాగినంతమేర ముందుకు చాచి, అతన్నీ ఆమెనూ చూపించి, భార్యాభర్తలే కదా అని ఇంగ్లీషులో అడిగి, చివర “రైట్?” అన్నాడు.

“రైట్, రైట్.”

ఆ మాట వెనక నుంచి వచ్చింది. కిక్కిరిసిన బస్సులను ఎత్తుల మీదికి ఎక్కించిన కంఠం అది. గుమాస్తా పెన్ను కూడా కదిలింది. తాళంచెవి మేకు దిగింది.

తప్పుడు వివరం ఇస్తే బీమా రద్దవుతుందన్న వాక్యాన్ని సొంత చేతులతో ఎన్నో కాగితాల్లో రాసిన షరతుబాబు నోరు తెరిచాడు. డాక్టరమ్మ కూడా తెరిచింది. అద్దం తలుపు అవతల వాన ఉద్ధృతమైంది. ఇద్దరూ మూసుకున్నారు.

ఇద్దరూ వెళ్లవలసింది ఒకే సరస్సుకు. ఇందులో విధి ప్రమేయమేమీ లేదు. ఆ దేశం వచ్చినవారందరూ ఆ సరస్సుకే వెళతారు. ఫోటోల్లో అదొక్కటే బాగుంటుంది.

బయలుదేరే ముందు షరతుబాబు వృత్తిధర్మంగా కారుకు నలువైపులా ఫోటోలు తీశాడు. ఏ గీత ముందే ఉన్నదో, ఏది తరువాత పడిందో రుజువుండాలి. ఆ తరువాత కుడివైపు తలుపు తీసిన డాక్టరమ్మకు అక్కడ స్టీరింగు కనబడలేదు. ఎడమవైపు తలుపు తీసిన షరతుబాబుకు అది కనబడింది. ఇద్దరూ తలుపులు మూసి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి, బానెట్టు ఎదుట ఒకరికొకరు తారసపడి, క్షమించమని చెప్పుకుని, తమ తమ స్థానాలకు చేరారు. ఆ తరువాత ఆగిన ప్రతిచోటా ఈ తతంగం తప్పలేదు. కొత్తలో ఇద్దరూ తల వంచుకుని తప్పుకునేవారు. పోనుపోను వంచడం తగ్గింది. మూడొంతుల ప్రయాణం అయ్యేసరికి, ఏ తలుపు ఎవరిదో ఇద్దరికీ బాగా తెలిసిపోయాక కూడా, బానెట్టు ఎదుట తారసపడటం ఆగలేదంటే దాన్ని పొరపాటనడం కష్టం.

మొదటి ఘర్షణ ఊరు దాటకముందే, గుర్రం మీద కూర్చున్న ఒక రాతి వీరుడి చుట్టూ ఉన్న రౌండు దగ్గర జరిగింది. ఫోను చూసి దారి చెప్పే బాధ్యత షరతుబాబుది.

“రైట్” అన్నాడు.

కారు తిన్నగా పోయింది.

“రైట్ అన్నాను కదండీ.”

“అన్నారనే పోయాను.”

“పోవడమేంటండీ, తిరగాలి.”

“రైట్ అంటే తిరగడమా?”

ఆమె నిజంగానే అడిగింది. ఆ ఇంట్లో రైట్ అంటే పద, కానీ, పోనివ్వు అని అర్థం. అన్నం వడ్డించాక రైట్, బడికి బయలుదేరాక రైట్, కుక్కరు కూత పెట్టాక రైట్. వెనక సీటు నడిమధ్య కూర్చున్న కండక్టరు గారు ముందుకు వంగి, బండికి రైట్ అంటే పోవడం, హోల్డాన్ అంటే ఆగడం, ఈ రెండూ కాక మూడో మాట సర్వీసులో లేదని విశదపరిచారు.

“మరి కుడివైపుకి తిప్పాలంటే ఏమనాలి అంకుల్?”

“అది డ్రైవరు సంగతి బాబూ. కండక్టరుకెందుకు?”

ఈ శాస్త్రచర్చ తెమిలేలోగా కారు మళ్లీ రౌండులోకి వచ్చింది. వాన వెలిసి ఎండ కాస్తున్నది, వైపర్లు మాత్రం ఆడుతున్నాయి. రాతి గుర్రం ముఖం వారికి చిరపరిచితమయ్యేదాకా తిరిగి, చివరికి డాక్టరమ్మ సంధి ప్రతిపాదించింది. తను గడియారం కట్టుకునే చెయ్యి ఎడమది, ముద్ద తినే చెయ్యి కుడిది. కాబట్టి ఎడమకు గడియారం అనాలి, కుడికి ముద్ద అనాలి. రైట్ అన్న మాటను ఆ కారులో కండక్టరు గారు తప్ప ఎవరూ ఉచ్చరించరాదు.

“అంగీకారమే” అన్నాడు షరతుబాబు, “అయితే గడియారం పెట్టుకోని రోజున...”

“మీరు షరతు లేకుండా ఒక్క వాక్యం కూడా చెప్పలేరా?”

“సాధారణ పరిస్థితుల్లో చెప్పగలను” అన్నాడు.

ఆమె నవ్వింది. నవ్వుతూ మలుపు తిప్పింది. ఆ నవ్వులో ఆమె పలువరస చూసి షరతుబాబు, పళ్ల డాక్టర్ల పళ్లు బాగుండటం వృత్తిలో భాగమే కాబట్టి దాన్ని ప్రత్యేకంగా పరిగణించనక్కర్లేదని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. మనసు వినలేదు.

దారిపొడుగునా వసతిగృహాల్లో, పెట్రోలు బంకుల్లో, వారు భార్యాభర్తలుగా చలామణి కావలసి వచ్చింది. గదులు మాత్రం వేరు. తండ్రీకూతుళ్లు ఒకటి, అతనొక్కడూ ఒకటి. అద్దె కంపెనీకి అనుమానం రాకూడదు కనుక పరాయివాళ్ల ముందు గారూ అండీ వద్దని ఆమె హెచ్చరించింది. అయితే ఆ దేశస్థులకు అండీ అంటే ఏమిటో తెలియదని అతను గుర్తుచేశాడు. అలాగైతే వద్దులెండి, అండీయే బాగుందన్నది. ఆగిన ప్రతిచోటా అతను కారుకు ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. కారు మీద ఒక మనిషికి అంత శ్రద్ధ ఉండటం తనెక్కడా చూడలేదని ఆమె అనుకున్నది.

ఇంగ్లీషు అంతగా రాని కండక్టరు గారికి ఈ భార్యాభర్తల నాటకం అంతుబట్టలేదు. ఈ అబ్బాయి ఖర్చు పంచుకునే సహప్రయాణికుడని మాత్రమే ఆయనకు ఎరుక. అతనికి మాత్రం ఒక పేరు పెట్టారు: ఫుట్‌బోర్డు. లోపలికీ రాడు, కిందికీ దిగడు, కమ్మీ పట్టుకుని వేలాడుతుంటాడు, అటువంటివాళ్ల వల్లే బండికి ఆలస్యం.

సరస్సు వచ్చిన నాడు సరస్సు కనబడలేదు. వాన, పొగమంచు, వాటి నడుమ నీరని చెప్పబడే ఒక తెల్లదనం. తిరుగు ప్రయాణంలో వాన ఇంకా చిక్కబడటంతో డాక్టరమ్మ కారును రోడ్డు పక్కకు తీసి ఆపింది. వెనక కండక్టరు గారు సంచి గుండెలకు హత్తుకుని, ఏ కుదుపుకూ చెదరని వృత్తినిద్రలో ఉన్నారు. అద్దాలకు ఆవిరి పట్టింది.

రేపు కారు ఇచ్చేయాలని అతను అన్నాడు. ఇచ్చేసి ఎవరి విమానం వారు ఎక్కాలని ఆమె అన్నది.

“ఇంటికెళ్లగానే నాన్న ఒకాయనకి రైట్ చెప్పాలి” అన్నది.

“ఎవరికండీ?”

“సంబంధం. ఆయనా పళ్ల డాక్టరే. ఊరంతా క్లినిక్కులున్నాయి. ఇద్దరం కలిస్తే కుర్చీలు కలిసొస్తాయట.”

“మంచివాడేనా?”

“పళ్లు బాగున్నాయి.”

“మీకిష్టమేనా?”

“వద్దనడానికి కారణం దొరకలేదు. నాన్న ఇంకా మాట ఇవ్వలేదు కానీ, ఇచ్చారంటే అంతే. ఒకసారి రైట్ అన్నాక బండి ఆపించడం ఆయన సర్వీసులో లేదు.”

షరతుబాబు గుండె, బీమా వర్తించని అవయవంలా కొట్టుకున్నది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పేది లేదు. అతను గొంతు సవరించుకున్నాడు.

“మీకు అభ్యంతరం లేని పక్షంలో, పరస్పర అంగీకారానికి లోబడి, ఇరు కుటుంబాల ఇతరత్రా హక్కులకు భంగం కలగని రీతిలో, నాకు మీ పట్ల ఒకవిధమైన...”

“నోరు పూర్తిగా తెరవండి” అన్నది ఆమె మెల్లగా. “ఏవిధమైన?”

అతను తెరిచాడు. ఆ క్షణంలోనే ఆమె, అతని ముఖం కాక ఎదుట ఏదైనా చూడటం శ్రేయస్కరమనిపించి, అద్దం తుడుద్దామని పుల్ల నొక్కింది. ఇన్నాళ్లూ ఎండలో వైపర్లు వేసిన చెయ్యి, ఇప్పుడు వానలో ఇండికేటరు వేసింది. కారు బయలుదేరుతున్నదనుకుని, వెనక నుంచి వస్తున్న ఒక లారీ ఆ లోయ మారుమోగేలా హారను కొట్టింది. కండక్టరు గారు కళ్లు తెరవకుండానే పలికారు.

“ఫుట్‌బోర్డు మీద నిలబడకు బాబూ. ఎక్కితే ఎక్కు, లేకపోతే దిగు.”

నిద్రలో అన్నారో, మెలకువలో అన్నారో ఆ వానలో తేలలేదు. షరతుబాబు నోరు మూసుకున్నాడు. మిగిలిన దారంతా గడియారం, ముద్ద అన్న రెండు మాటలు తప్ప ఆ కారులో సంభాషణ లేదు.

మర్నాడు అదే నేలమాళిగలో అదే గుమాస్తా టార్చిలైటు వేసి కారు చుట్టూ తిరిగాడు. వెనక తలుపు దగ్గర వంగాడు. లేచాడు. తలుపు మీద ఒక గీత ఉన్నది. ఇది ఎప్పటిదని అడిగాడు.

షరతుబాబు జీవితమంతా ఎదురుచూసిన ఘట్టం ఇది. సగర్వంగా ఫోను తీసి రుజువులు గుమాస్తా చేతిలో పెట్టాడు. గుమాస్తా ఒక ఫోటో చూశాడు, రెండోది చూశాడు, వేలితో జరుపుతూ జరుపుతూ పోయాడు. పెట్రోలు బంకు దగ్గర డాక్టరమ్మ జుట్టు ముడి వేసుకుంటున్నది. రాతి గుర్రం ఎదుట డాక్టరమ్మ గడియారం చూసుకుంటున్నది. కొండమలుపులో డాక్టరమ్మ ఎవరినో చూసి నవ్వుతున్నది. ఆమె భుజం మీదుగా ఒకచోట అద్దం అంచు, ఒకచోట చక్రంలో నాలుగో వంతు కనబడుతున్నాయి.

“మీ భార్య చాలా స్పష్టంగా ఉన్నారు” అన్నాడు గుమాస్తా ఇంగ్లీషులో. “కారేది?”

డాక్టరమ్మ ఫోనులోకి తొంగిచూసింది. చూసి, అతని వైపు చూడకుండా, మళ్లీ ఫోనులోకే చూసింది. ఆమె చెవులు ఎర్రబడటాన్ని టార్చిలైటు అనవసరంగా పట్టి ఇచ్చింది.

చివరికి మొట్టమొదటి ఫోటోలో, బయలుదేరకముందే తీసినదానిలో, తలుపుకు ఆనించిన ఆమె మోచేతి పక్కన గీత దొరికింది. కారు నిర్దోషి అని తేలింది. అతనే దొరికిపోయాడు, అదీ మొదటి గంటలోనే.

మళ్లీ సూట్‌కేసు మీదే ఆసీనులైన కండక్టరు గారికి ఆ ఇంగ్లీషులో ఒక్క మాట అందింది. “వైఫంటున్నాడేంటమ్మా? ఎవరికి వైఫు?”

కూతురు జరిగినదంతా చెప్పింది. కార్డు, పర్మిట్, సందు, గుమాస్తా ప్రశ్న. “మీరే కదా నాన్నా రైట్ రైట్ అన్నారు.”

“నేనా?”

“మీరే. ఇక్కడే, సూట్‌కేసు మీద కూర్చుని.”

పెద్దాయన ఏదో అనబోయి ఆగారు. అద్దాల బల్ల వైపు, సూట్‌కేసుల బండ్లు పోయే దారి వైపు చూశారు. గుమాస్తా తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. అది ఇంకా డాక్టరమ్మ గుప్పిట్లోనే ఉన్నది.

“ఇవ్వకండి” అన్నాడు షరతుబాబు. “తాళం ఇచ్చేదాకా ఒప్పందం నడుస్తూనే ఉంటుంది. ఈలోగా తప్పుడు వివరాన్ని సరిదిద్దుకోవచ్చు. దానికి రెండు దారులున్నాయి. అబద్ధమని ఒప్పుకోవడం ఒకటి. నిజం చేయడం ఒకటి.”

“మీరేది చేస్తారు?” అన్నది ఆమె.

అతను ఫుట్‌బోర్డు కమ్మీ వదిలేశాడు.

“మీరంటే నాకిష్టం.”

ఆమె ఎదురుచూసింది. గుమాస్తా కూడా, భాష తెలియకపోయినా, ఎదురుచూశాడు. ఏమీ రాలేదు.

“ఇంతేనా?”

“ఇంతే. కింద చిన్న అక్షరాలేం లేవు.”

డాక్టరమ్మ తాళంచెవిని ఈ చేతి నుంచి ఆ చేతికి, గడియారం నుంచి ముద్దకు, మార్చుకున్నది. తరువాత ఆ కారులో తనే నిషేధించిన మాటను కారు బయట నిలబడి పలికింది.

“రైట్.”

“తిరగడమా, పోవడమా?” అన్నాడు అతను, తడబడుతూ.

“పోవడమేనండీ.”

ఇద్దరూ పెద్దాయన వైపు తిరిగారు. ఆయన కూతురి ముఖాన్ని, టికెట్టును వెలుతురులో పెట్టి చూసినంత శ్రద్ధగా చూశారు. ఆ ముఖం ఊరంతా క్లినిక్కులున్న పెద్దమనిషి ప్రస్తావన వచ్చినప్పుడు ఎలా ఉండేదో గుర్తుచేసుకున్నారు కాబోలు.

“నేను రైట్ అన్నానంటావు” అన్నారు.

“అన్నారు నాన్నా.”

“అయితే అన్నట్టే. ఇచ్చిన రైటు వెనక్కి తీసుకోవడం నా సర్వీసులో లేదు.” అల్లుడు కాబోయేవాడి వైపు చూసి, సూట్‌కేసు మీద నుంచి లేచారు. “లోపలికి జరుగు బాబూ. వెనక జనం ఉన్నారు.”

“అలాగే మావయ్యగారూ” అన్నాడు షరతుబాబు. అందులోనూ షరతు లేదు.

పెళ్లి జరిగింది. విమానాశ్రయంలో కండక్టరు గారు పలికిన ఆ తొలి రైటును ఇరువైపుల బంధువులూ పెద్దరికానికి పరాకాష్ఠగా చెప్పుకున్నారు. పరాయి గడ్డ మీద, మాట అర్థం కాని చోట కూడా, కూతురి మనసు కూతురికంటే ముందే గ్రహించిన తండ్రి అని పెళ్లిపందిట్లో ఒకాయన మైకులో కూడా అన్నాడు. పెద్దాయన ఎవరినీ వారించలేదు.

చాలాకాలం తరువాత ఒక మధ్యాహ్నం, అల్లుడు కారు వెనక్కి తీస్తుంటే పక్కన నిలబడి దారి చూపుతూ, ఆయన యథాలాపంగా ఒక సంగతి చెప్పారు. ఆ రోజు ఆయన రైట్ అన్నది గుమాస్తాతో కాదు. సూట్‌కేసుల బండి తోసుకుంటూ పోతున్న పెద్దమనిషితో, దారి ఖాళీ అయింది పొమ్మని.